మూగజీవుల చెర: హుస్నాబాద్ గుట్టల నుండి సముద్ర తీరాల దాకా

హుస్నాబాద్‌కు సముద్రం లేదు. ఈ పట్టణం నుండి ఏ దిక్కుకు నడచినా ముందుగా ఎదురయ్యేవి బండరాళ్ల గుట్టలు, వాటి పాదాల చెంత చెరువులు, చెరువుల కింద వరి మడులు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో అంతర్భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరింది. అయినను ఇక్కడి మాట తీరు, పెళ్లి సంబంధాలు, ఆసుపత్రి ప్రయాణాలు నేటికీ కరీంనగర్, హనుమకొండల వైపే సాగుతున్నాయి.

అరబ్బీ భాషలో 'హుస్న్' అనగా అందం, మంచితనం. పారశీకంలో 'ఆబాద్' అనగా జనావాసం. ఆ హుస్న్ పుట్టిన ధాతువు నుండే 'ఇహ్‌సాన్' అనే పదం కూడా పుట్టింది. చేసే ప్రతి పనినీ మేలైన రీతిలో, దైవం చూస్తున్నాడన్న స్పృహతో చేయడమే ఇహ్‌సాన్. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను విధించాడని, చివరకు జంతువును జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టుకొని దాని బాధను తగ్గించాలని దైవప్రవక్త (స) బోధించారు. ప్రాణం తీయక తప్పని ఘడియలోనే ఇంతటి మర్యాదను కోరిన ధర్మం, ఆ ప్రాణి బ్రతికి ఉన్నంత కాలం దానితో ఎలా మెలగమంటుంది? హుస్నాబాద్ గుట్టల్లో మాకు ఎదురైన ఈ ప్రశ్న చివరకు మమ్మల్ని సముద్రం దాకా తీసుకుపోయింది.

గుట్టల మీది సముదాయం

పట్టణానికి చేరువలో, ఉమ్మాపూర్ వైపు, రెండు గుట్టల నడుమ మహాసముద్రం గండి ఉన్నది. సముద్రం ఎరుగని నేలలో మన పెద్దలు ఒక నీటి తావుకు పెట్టుకున్న పేరు అది. వానాకాలం వెళ్లిన తరువాత ఒక జుమా సెలవు నాడు, ఫజ్ర్ నమాజు ముగించుకొని, మేము పది పన్నెండు మంది విద్యార్థులను వెంటబెట్టుకొని అటు బయలుదేరాము. దారి పొడవునా సీతాఫలం పొదలు, తునికి చెట్లు, మోదుగులు. బండల అంచులకు తేనెపట్లు వ్రేలాడుతున్నాయి. ఒకచోట నిలువెత్తు చెదపుట్ట సగానికి తవ్వి ఉన్నది. మట్టిపై లోతైన గోళ్ల గీతలు ఇంకా తడి ఆరలేదు.

గొర్లను తోలుకొస్తున్న కాపరి పెద్దాయన మా చూపును గమనించి, "రాత్రి గుడ్డేలుగు వచ్చింది సాబ్" అన్నాడు. పిల్లలు భయంతో దగ్గరికి జరిగారు. ఆయన నవ్వి, "దాని జాగల అది ఉంటది. మన జాగల మనం ఉండాలె. అంతే" అని మంద వెంట సాగిపోయాడు.

ఎలుగుబంటి నోటిలో పై వరుస ముందు పళ్లు రెండు ఉండవు. చెదపురుగులను గాలితో పాటు లోనికి పీల్చుకొనుటకు ఆ ఖాళీ ఒక గొట్టం వలె ఉపకరిస్తుంది. ఆ వేళ మట్టి లోనికి పోకుండా ముక్కు రంధ్రాలను అది మూసుకోగలదు. ఇప్పపూలు, తునికి పండ్లు, తేనె, చెదలు - ఇవన్నీ ఈ గుట్టల మీద సృష్టికర్త దాని కోసం పరచిన విస్తరి. భూమిపై నడిచే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనవంటి సముదాయాలే అని దివ్య ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా 38వ వాక్యం మనకు తెలియజేస్తున్నది. ఆ గుట్టపై నిలబడి ఆ వాక్యాన్ని విద్యార్థులకు వివరించడం సులభమైంది. సముదాయం అనగా ఒక తావు, ఒక తిండి, ఒక తల్లి, ఒక పిల్ల, ఒకరినొకరు పిలుచుకునే ఒక భాష. గ్రానైటు కోసం గుట్టలను పొరలు పొరలుగా కోస్తున్న ఈ జిల్లాలలో, కరీంనగర్ శివారు కాలనీలలోకి ఎలుగుబంట్లు రావడం, అటవీ సిబ్బంది మత్తు సూది వేసి పట్టుకోవడం ఇటీవల పత్రికలలో చదువుతూనే ఉన్నాము. అవి మన ఊర్లోకి వచ్చాయని మనం అంటున్నాము. వాటి ఊరు ఏమైపోయిందని అడిగేవారు తక్కువ.

గల్ఫ్ నుండి వచ్చిన దృశ్యం

గండి వద్ద కూర్చొని తెచ్చుకున్న అటుకులు తింటున్నప్పుడు, ఒక విద్యార్థితో వచ్చిన అతని అన్న తన ఫోనులో ఒక దృశ్యం చూపించాడు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో గల్ఫ్‌కు వెళ్లినవారు లేని వీధి అరుదు. వారి మామ దుబాయిలో పనిచేస్తున్నాడు. ఈద్ సెలవులలో చూసి వచ్చిన డాల్ఫిన్ల ఆటను ఇంటికి పంపాడు. నీలి నీటిలో నుండి రెండు డాల్ఫిన్లు పైకెగిరి వలయంలో నుండి దూకుతున్నాయి. తరువాత బంతిని ముక్కుతో విసరుతున్నాయి. ప్రేక్షకులు చప్పట్లు కొడుతున్నారు. ఆ వెంటనే ఫోను తనంతట తానే మరొక దృశ్యాన్ని తెచ్చింది. అమెరికాలో నలుపు తెలుపు రంగుల ఓర్కా ఒకటి, నీటి తొట్టి అంచుపైకి జారి వచ్చి తోక ఎత్తి నిలిచింది.

పిల్లలందరూ సంబరపడ్డారు. వారిలో చిన్నవాడు మాత్రం, "ఉస్తాద్, అది నవ్వుతున్నదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు సమాధానం పిల్లలకే కాదు, పెద్దలకూ అవసరం. డాల్ఫిన్ నోటి రేఖ పుట్టుకతోనే పైకి వంగి ఉంటుంది. ఆకలితో ఉన్నా, నొప్పితో ఉన్నా, చనిపోయిన తరువాత కూడా దాని ముఖం అలాగే ఉంటుంది. మనం నవ్వు అనుకునేది దాని దవడ ఎముక ఆకారం. ఒక మూగజీవి ముఖంపై మన సంతోషాన్ని మనమే వ్రాసుకొని, దానిని దాని సంతోషమని చదువుకుంటున్నాము.

ఓర్కాను కొందరు హంతక తిమింగలమని పిలుస్తారు. నిజానికది డాల్ఫిన్ కుటుంబంలోనే అతి పెద్ద జీవి. ఒక రోజులో 150 కిలోమీటర్లకు పైగా ఈదగలదు. ఆడవి 80 ఏళ్ల దాకా బ్రతికిన దాఖలాలు ఉన్నాయి. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో చేపలు తిని బ్రతికే ఓర్కాల గుంపులలో కొడుకులు, కూతుళ్లు జీవితాంతం తల్లి వెంటనే ఉంటారు. ప్రతి గుంపుకు తనదైన పిలుపుల యాస ఉంటుంది. 2018లో ఆ తీరంలో ఒక తల్లి ఓర్కా, పుట్టిన కొద్దిసేపటికే చనిపోయిన తన పిల్లను నీటిలో మునగనీయకుండా 17 రోజుల పాటు తలపై మోసుకొని తిరిగింది.

అటువంటి తీరంలోనే, 1970 ఆగస్టులో, పెన్ కోవ్ అనే ఇరుకు అఖాతంలోకి పడవలతో, పేలుళ్ల శబ్దాలతో సుమారు 80 ఓర్కాలను తరిమి, తల్లుల నుండి పిల్లలను వలలతో వేరు చేసి, ఏడింటిని అమ్మకానికి తరలించారు. కొన్ని పిల్లలు వలలలో చిక్కి అక్కడే మరణించాయి. అలా పట్టుబడిన వాటిలో ఒకదానికి లోలితా అని పేరు పెట్టి, అమెరికాలోని మయామీ నగరంలో ఆటకు దింపారు. దాని తొట్టి పొడవు సుమారు 80 అడుగులు. దాని శరీరమే 20 అడుగులు. అనగా నాలుగు నిలువుల దూరంలోనే దానికి గోడ తగులుతుంది. తోటి ఓర్కా 1980లో చనిపోయిన తరువాత 43 సంవత్సరాలు అది తన జాతి గొంతు వినలేదు. 2023 ఆగస్టులో ఆ తొట్టిలోనే కన్నుమూసింది. 1983లో ఐస్‌లాండ్ వద్ద, సుమారు రెండేళ్ల వయసులో పట్టుబడిన మరొక ఓర్కా తిలికుం. చెరలో ఉండగా ముగ్గురు మనుషుల మరణంలో దానికి పాత్ర ఉన్నది. వారిలో ఒకరు 2010లో దానిని ఆడించే శిక్షకురాలే. స్వేచ్ఛా సముద్రంలో ఓర్కా మనిషిని చంపిన సంఘటన నమోదు కాలేదు. ఆ మరణాల తరువాత రేగిన నిరసనల ఫలితంగా, దానిని ఉంచిన సీవరల్డ్ సంస్థ ఓర్కాల పెంపకాన్ని నిలిపివేస్తున్నట్లు 2016 మార్చిలో ప్రకటించింది. తిలికుం 2017 జనవరిలో మరణించింది.

హజ్రత్ యూనుస్ (అ) గాథను మనం పిల్లలకు చెబుతూనే ఉంటాము. ఒక మహా మత్స్యం ఒక ప్రవక్తను తన కడుపులో బంధించింది. అది తన ఇష్టంతో బంధించలేదు, దైవాజ్ఞతో బంధించింది. ఆయన దేహానికి హాని చేయలేదు. ఆజ్ఞ రాగానే తీరానికి చేర్చి విడిచిపెట్టింది. నేడు పాత్రలు తారుమారయ్యాయి. మనిషి ఆ జీవిని బంధించాడు. ఏ ఆజ్ఞతో బంధించాడు? ఏ గడువు వరకు? ఆ చీకటిలో యూనుస్ (అ) తన ప్రభువును పిలిచిన పిలుపు విని ఆయనను రక్షించినవాడు, సిమెంటు తొట్టిలోని మూగజీవి పిలుపును వినడా?

ఖలందర్ పెద్దాయన మాట

తరువాతి వారం మేము పనిమీద హనుమకొండకు వెళ్లాము. హుస్నాబాద్ నుండి ముల్కనూర్, ఎల్కతుర్తి, హసన్‌పర్తిల మీదుగా సాగే ఆ బాట వ్యవసాయం తెలిసిన బాట. 1956లో మొదలైన ముల్కనూర్ సహకార సంఘం పేరు దేశమంతా విన్నదే. దారిలో ఒక ఊరి మసీదులో జొహర్ నమాజుకు ఆగినప్పుడు, అరుగుపై కూర్చున్న ఒక వృద్ధుడు సలాం చేసి మాట కలిపాడు. తాము ఖలందర్ల వాళ్లమని, చిన్నప్పటి నుండి గుడ్డేలుగును ఆడించి బ్రతికామని చెప్పాడు.

నలభై ఏళ్లు దాటిన తెలంగాణవాసులెవరూ ఆ దృశ్యాన్ని మరచి ఉండరు. డమరుకం మోగిస్తూ ఖలందర్ వాడకు వస్తే పిల్లలంతా వెంటబడేవారు. జడుపు పోతుందని తల్లులు బిడ్డలను ఎలుగు మీదికి ఎక్కించేవారు. దాని వెంట్రుకను తాయెత్తులో కట్టించుకునేవారు. మన ముస్లిం ఇళ్లలోనూ ఇది జరిగింది. వెంట్రుకలో రక్షణ ఉందన్న నమ్మకానికి షరీఅత్‌లో ఎటువంటి ఆధారమూ లేదు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి.

ఆ ఆట వెనుక ఏమున్నదో ఆ పెద్దాయనే చెప్పాడు. పాలు తాగే పిల్లను అడవి నుండి తెస్తారు. తల్లి బ్రతికి ఉండగా పిల్ల చేతికి చిక్కదు, కనుక తల్లిని ముందే చంపుతారు. పిల్ల కొంత పెరిగాక కాల్చిన సూదితో ముక్కును పొడిచి తాడు దూరుస్తారు. కోరలు విరుస్తారు. తాడు లాగితే కలిగే నొప్పికి అది రెండు కాళ్లపై లేస్తుంది. చూసేవారు దానిని నాట్యమంటారు.

"కానీ మౌల్వీ సాబ్, మా పిల్లలకంటే ముందుగాల దానికే రొట్టె పెట్టినం. దాన్ని పరాయిదనుకోలే" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదని ఆయన కళ్లు చెబుతూనే ఉన్నాయి. ప్రేమ, హింస ఒకే చేతిలో, ఒకే తాడుకు రెండు కొసల వలె ఉండగలవు. చివరకు ఎలుగును అప్పగించినప్పుడు దానిని బన్నేరుఘట్టకు తీసుకుపోయారట. ఒకసారి కొడుకు వెంట వెళ్లి చూశాడట. "పేరు పెట్టి పిలిచిన. ఒక్కసారి చూసింది, దగ్గరికి రాలే. చెట్టెక్కి కూసున్నది. పదేండ్లు నా దగ్గర ఉన్నది సాబ్, అది చెట్టెక్కుడు నేను ఎన్నడూ చూడలే" అని తల దించుకున్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు ఆటో నడుపుతున్నాడు. మనుమడు బడికి పోతున్నాడు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుగుబంటిని పట్టడాన్ని నిషేధించింది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ప్రదర్శనలలో ఆడించరాదని ప్రకటించింది. సర్కస్ యజమానులు వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2001లో తోసిపుచ్చింది. సర్కసుల నుండి విడిపించిన సింహాలు, పులుల కోసం మన తెలుగు నేలపై విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలల వద్ద సంరక్షణ కేంద్రాలు వెలిశాయి. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థ దేశవ్యాప్తంగా 600కు పైగా ఎలుగుబంట్లను విడిపించి, ఆగ్రా, భోపాల్, బన్నేరుఘట్టల వంటి చోట్ల ఆశ్రయం కల్పించింది. ఎలుగును అప్పగించిన ఖలందర్ కుటుంబాలకు వేరే జీవనోపాధికి పెట్టుబడి ఇచ్చింది, పిల్లల చదువుకు సాయపడింది. 2009 నాటికి వీధులలో ఎలుగు ఆట ముగిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అమెరికాలో తొట్టి యజమాని కోటీశ్వరుడు. మన వీధిలో తాడు పట్టుకున్నవాడు పేదవాడు. మూగజీవి పక్షాన నిలబడేవారు ఆ పేదవాడి పొయ్యి గురించి కూడా ఆలోచించాలి. ఖలందర్లు, మదారీలు మన సమాజంలో భాగమే. తాడు వదిలిన చేతికి మరో పని దొరకకపోతే అది మళ్లీ అడవి వైపే చాస్తుంది. మన ఊళ్లలో జకాత్ పంచే పెద్దలు ఇటువంటి కుటుంబాలు ఎక్కడ ఉన్నాయో వెతికి, వారి బిడ్డల చదువుకు, చిన్న వ్యాపారానికి సాయపడితే ఒక్క దానంతో రెండు ప్రాణుల హక్కు తీరుతుంది.

ధర్మశాస్త్రం ఏమంటున్నది?

కొందరు సోదరులు ఒక ప్రశ్న వేస్తారు. సముద్రపు వేట మనకు ధర్మసమ్మతమే కదా, తినడానికి అనుమతి ఉన్న జీవిని ఉంచుకొని చూస్తే తప్పేమిటి? ఇది కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో సముద్ర తీరానికి వెళ్లిన 300 మంది సహాబీలు ఆకలితో అలమటిస్తూ రోజుకొక ఖర్జూరంతో కాలం గడిపారు. అప్పుడు సముద్రం 'అంబర్' అనే మహా మత్స్యాన్ని ఒడ్డుకు చేర్చింది. వారు చాలా రోజులు దానిని తిన్నారు. దైవప్రవక్త (స) దానిని అల్లాహ్ ఇచ్చిన ఉపాధిగా పేర్కొన్నారు. అయితే అది ఆకలి. ఆట కాదు. ఆహారం కొరకు ప్రాణం తీయడానికి అనుమతించిన అదే ధర్మం, ప్రాణమున్న దానిని గురిచూసే ఆటకు లక్ష్యంగా కట్టిన వారిని శపించింది. ఏ ప్రయోజనమూ లేకుండా చంపిన పిచ్చుక సైతం ప్రళయదినాన ఫిర్యాదు చేస్తుందని హెచ్చరించింది. అవసరానికి తెరచిన తలుపు వినోదానికి దానంతట అదే తెరుచుకోదు.

మరి పెంచుకోవడం పూర్తిగా నిషిద్ధమా? అలా అనలేము. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ బాలుడిని ఎంతో ఆప్యాయంగా పలకరించారు. పిట్టను పెంచుకున్నందుకు మందలించలేదు. దీని ఆధారంగా, తిండి నీరు సరిగా చూసుకుంటూ, బాధించకుండా పక్షిని ఉంచుకోవచ్చునని పలువురు ధర్మవేత్తలు అభిప్రాయపడ్డారు. కనుక ప్రశ్న పంజరం ఉన్నదా లేదా అన్నది కాదు, అందులోని జీవికి హాని జరుగుతున్నదా లేదా అన్నది.

పిల్లిని బంధించి నరకానికి పాత్రురాలైన స్త్రీ ఉదంతం మనందరికీ తెలిసినదే. ఆమె దానికి తిండి పెట్టలేదు, నేలపై దొరికేది తినడానికి వదలనూ లేదు. "మా తొట్టిలో చేపలు పెడుతున్నాము, వైద్యుడు ఉన్నాడు, కనుక ఈ హెచ్చరిక మాకు వర్తించదు" అని ప్రదర్శనశాలల వారు అనవచ్చు. పిల్లికి కావలసింది తిండి అయితే, రోజుకు వంద కిలోమీటర్లు ఈది తల్లి గొంతు వింటూ బ్రతికే జీవికి కావలసింది తిండి ఒక్కటేనా? ఎవరి అవసరాన్ని ఎవరు కొలవాలి? 660 హిజ్రీలో పరమపదించిన ప్రఖ్యాత ధర్మవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలాం (రహ్మతుల్లాహి అలైహి) మనిషిపై జంతువులకు ఉన్న హక్కులను ఒక్కొక్కటిగా లెక్కించారు. ముసలిదై, జబ్బుపడి, పనికిరాకపోయినా పోషించాలి. శక్తికి మించి భారం వేయరాదు. హాని చేసే వాటితో కలిపి ఉంచరాదు. దాని పిల్లను దాని కళ్లెదుట కోయరాదు. దాని విశ్రాంతి తావును మేలుగా ఉంచాలి. సుమారు ఏడున్నర శతాబ్దాల క్రితపు ఈ జాబితాను ఏ తొట్టి గోడకైనా అంటించి చూడండి. ఎన్ని హక్కులు తీరుతున్నాయో చదువుకున్న పిల్లలే చెప్పగలరు.

వీటన్నిటికంటే మా మనసుకు హత్తుకున్నది హుమ్మరా పిట్ట ఉదంతం. ఒక ప్రయాణంలో కొందరు సహాబీలు ఒక పిట్ట గూటి నుండి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లలను తీసి ఈ తల్లిని క్షోభ పెట్టినది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. పిల్లలు ఆరోగ్యంగా ఉన్నాయా అని అడుగలేదు. తల్లి క్షోభ ఒక్కటే ఆయనకు చాలిన సాక్ష్యమైంది. పెన్ కోవ్ అఖాతంలో వలల అవతల కేకలు వేసిన తల్లులకు, మన అడవులలో పిల్ల కోసం చంపబడిన ఎలుగుబంట్లకు ఆ ఆదేశం వర్తించదా?

మేము ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు. ఆ బాధ్యత ముఫ్తీలది. గ్రంథాలు ఏ దిశగా చూపుతున్నాయో మాత్రం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

తీరాలు మారుతున్నాయి

1990ల చివరలో బల్గేరియా నుండి చెన్నై సమీపంలోని ఒక వినోద స్థలానికి డాల్ఫిన్లను తెచ్చారు. కొద్ది నెలలలోనే అవి మరణించాయి. మరికొన్ని నగరాలలో అటువంటి ప్రతిపాదనలు వచ్చినప్పుడు, 2013 మే నెలలో కేంద్ర ప్రభుత్వం వాటికి అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు తెలియజేసింది. కనుక మన దేశంలో డాల్ఫిన్ల ఆట లేదు. కెనడా 2019లో, ఫ్రాన్స్ 2021లో ఇదే దిశగా చట్టాలు చేశాయి.

మనవాళ్లు పనిచేసే గల్ఫ్ తీరంలో రెండు రకాల అడుగులూ కనిపిస్తున్నాయి. 2007లో దూరాన ఉన్న సోలమన్ దీవుల సముద్రంలో పట్టిన 28 డాల్ఫిన్లను విమానాలలో దుబాయికి తెచ్చారు. అదే నగరంలో 2008 నుండి ఒక హోటల్ నీటి తొట్టిలో ఉంచిన తిమింగల సొరచేపను 2010 మార్చిలో తిరిగి సముద్రంలో విడిచిపెట్టారు. 2023 మే నెలలో అబూదాబిలో ప్రారంభమైన సీవరల్డ్‌లో డాల్ఫిన్లు ఉన్నాయి గాని, ఆ సంస్థకు పేరు తెచ్చిన ఓర్కాలు లేవు. ప్రేక్షకుల మనసు మారితే వ్యాపారి లెక్క మారుతుందనడానికి ఇది నిదర్శనం. టికెట్టు కొనే చేతిలోనే ఆ మార్పు ఉన్నది. ఆ చేతులలో మన తెలుగు ముస్లిం కార్మికుల చేతులూ ఉన్నాయి. సెలవు రోజున బిడ్డలను సముద్ర తీరానికి తీసుకుపోయి అలలను చూపిస్తే సరిపోతుంది. డాల్ఫిన్ల తావు అదేనని కూడా వారికి చెప్పవచ్చు.

అయితే తలుపు తీసినంత మాత్రాన బాకీ తీరిపోదు. కైకో అనే ఓర్కాను ఎంతో ఖర్చుతో 1998లో ఐస్‌లాండ్ సముద్రానికి చేర్చి, ఈత, వేట మళ్లీ నేర్పారు. 2002లో అది నార్వే తీరం దాకా ఈదుకుంటూ పోయింది. కాని మనుషులను వెతుక్కుంటూ వారి పడవల దగ్గరికే చేరింది. 2003 డిసెంబరులో మరణించింది. స్వేచ్ఛను లాగుకోవడం ఒక్క రోజు పని. తిరిగి ఇవ్వడం ఒక జీవితం పని. విరిగిన కోరలు, పొడిచిన ముక్కు ఉన్న ఎలుగును అడవిలో వదలలేక ఆశ్రయాలలో ఉంచడం అందువల్లనే. అక్కడా కంచె ఉన్నది. కాని తాడు పట్టిన చేయి, ఆశ్రయమిచ్చిన చేయి ఒకటి కావు. కర్మల విలువ సంకల్పాన్ని బట్టే అని మనం నేర్చుకున్నది ఇందుకే.

మన ఇంటి వరండా

తిమింగలం మన ఊరికి రాదు. ఎలుగు ఆట ముగిసింది. కాని హుస్నాబాద్ నుండి హనుమకొండ దాకా ఎన్ని ముస్లిం ఇళ్ల వరండాలలో మిట్టూ పంజరం వ్రేలాడుతున్నదో లెక్కించి చూడండి. ఆ రామచిలుక తాటిచెట్టు తొర్ర నుండి, కళ్లు తెరవక ముందే, తల్లి అరుస్తుండగా తీసినది. దానికి మనం సలాం నేర్పుతాము, కలిమా నేర్పుతాము, అతిథులకు వినిపించి మురిసిపోతాము. దాని సముదాయపు భాషను మాత్రం అది ఎన్నడూ వినదు. ఎగరడానికి ఇచ్చిన రెక్కలను మనమే కత్తిరిస్తాము. మన దేశపు రామచిలుకలను పట్టడం, అమ్మడం, ఇంటిలో ఉంచుకోవడం చట్టరీత్యా కూడా నేరమే. అబూ ఉమైర్ పిట్ట మనకు అనుమతి అయితే, హుమ్మరా పిట్ట మనకు హద్దు. గూటి నుండి తల్లిని ఏడిపించి తెచ్చిన చిలుక ఏ పక్షాన ఉన్నదో ప్రతి గృహస్థుడూ తన మనస్సాక్షిని అడగాలి.

ఇప్పటికే ఇంటిలో చిలుక ఉన్నవారు ఆవేశంతో దానిని వీధిలోకి వదలకూడదు. రెక్కలు కత్తిరించిన చిలుక పిల్లి నోటికో, కాకి ముక్కుకో చిక్కుతుంది. దానిని అటవీ శాఖ వారికి అప్పగించాలి. అంతవరకు విశాలమైన చోటు, మేలైన తిండి ఇవ్వాలి. మరొకటి కొనకూడదు. కొనేవారు లేకపోతే తొర్రలో చేయి పెట్టేవాడూ ఉండడు. పిల్లలకు పక్షుల మీద ముచ్చట ఉంటే గోడ మీద ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి పెట్టమనండి. ఎండాకాలం నాటికి పిచ్చుకలు, గోరింకలు, చిలుకలు తమంతట తాము వస్తాయి. తాగి ఎగిరిపోతాయి. దాహంతో ఉన్న కుక్కకు నీరు పోసినందుకు ఒక పాపికి మన్నింపు లభించిన ధర్మం మనది. ఆ మూకుడుకు అయ్యే ఖర్చు పది రూపాయలు.

మన ఏలుబడిలో ఉన్న ప్రతి ప్రాణి విషయంలో మనం జవాబుదారులము. ఆ ప్రాణులకు నోరు లేదని ఈ లోకంలో మనం ధీమాగా ఉండవచ్చు. వాటికి నోరు ఇవ్వబడే రోజు ఒకటి ఉన్నది. ఆ రోజున మనపై ఏ రెక్క, ఏ తోక, ఏ ముక్కుతాడూ సాక్ష్యం చెప్పకుండా ఉండే జీవితాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.